పుంగనూరమ్మ అడిగిన కప్పు

కుప్పంలో మా చిన్నాన్న మనవరాలి పెళ్లికి వెళ్లాను. చర్చిలో పెళ్లయిపోయి పందిట్లో భోజనాలకు కూర్చున్నాం. పక్క విస్తరి ముందున్న ముసలామె నేను మదనపల్లె నుంచి వచ్చానని విని నా వైపు తిరిగింది.

"అట్లయితే నీకు తెలిసుంటాది. మీ ఊరి కచేరీలో హెడ్డు గుమాస్తాగా జేసి ఈడికొచ్చినాడే, ఆయప్ప పెండ్లాము పాయె. పది దినాలాయె. ఏం మాటమ్మా ఆయమ్మది! వింటాంటే కడుపు నిండిపోయేది."

నా నోట మొదట వచ్చిన మాట 'అయ్యో' కాదు. "మా కప్పు పట్టుకుపోయిందే, ఆమేనా?" అన్నాను.

ముసలామె చెయ్యి అన్నంలోనే ఆగింది. నన్నొకసారి చూసి, విస్తరిని ఇంకో పక్కకు జరుపుకుంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాయనని ఆ సాయంత్రమే కుప్పంలో ఒక పెద్దాయనకు మాటిచ్చాను. తాను ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ అసలేమీ రాయవద్దన్నాడు. ఇప్పుడాయన ఆ ఊరు వదిలేశాడు గనుక రాస్తున్నాను. పుట్టినూరు పుంగనూరు కాబట్టి మేమంతా ఆమెను పుంగనూరమ్మ అనేవాళ్లం. మిగిలినవాళ్ల పేర్లు నేను మార్చినవి. అయినా ఎవరైనా తమను గుర్తుపట్టి నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

అప్పటికి కొన్నేళ్ల కిందటి మాట. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. సైనికులకు ఉన్ని మేజోళ్లు అల్లడానికి మదనపల్లెలో ఆరుగురు ఆడవాళ్లం శనివారం మధ్యాహ్నాలు ఒకరింట్లో చేరేవాళ్లం. నేనల్లిన మేజోళ్లు ఏ సిపాయి కాళ్లకు పట్టాయో ఆ దేవుడికే తెలియాలి. మడమ దగ్గర ఎప్పుడూ వంకరే. మా అసలు పని మాటలు. ఆ మాటల్లో పుంగనూరమ్మను మించినవాళ్లు లేరని అందరూ ఒప్పుకునేవాళ్లు, నేను తప్ప. మెత్తగా మాట్లాడేవాళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానం. అరిచే మనిషి దగ్గర దాచినది మిగలదు. మెత్తని మనిషి దగ్గర ఏముందో ఎవరికి తెలుసు?

మా వైపు వీధిలో ఎవరెదురైనా "యాడికి పోతాండారు?" అని అడగడం మర్యాద. అడక్కపోతే కోపమొచ్చిందనుకుంటారు. పుంగనూరమ్మ ఒక్కనాడూ అడగలేదు. "ఎండ ఎక్కువుండాది గదమ్మా, నీడ పట్టుకొని పోండి" అనేది. ఇక చూడండి. ఎదుటి మనిషి తానుగా ఆగి, ఎక్కడికి పోతోందో, ఎందుకు పోతోందో, ఇంట్లో ఎవరితో పోట్లాడి బయటపడిందో అంతా ఒలకబోసేది. ఒక్క ప్రశ్న వేయకుండా ఊరి సంగతులన్నీ రాబట్టే మనిషిని నేనెలా నమ్మేది?

తన సంగతి మాత్రం ఒక వాక్యం కూడా పూర్తిగా చెప్పేది కాదు. "మీరేం చదివారు?" అని ఒకసారి పట్టుబట్టి అడిగాను. "నా సదువేం సదువులేమ్మా, నువ్వు మద్రాసు హాస్టల్లో కిటికీ దూకిన కథ సెప్పు, రత్నమ్మ వినలేదంట" అంది. నేను చెప్పాను. రెండోసారి, చేతులు ఊపుతూ మరీ చెప్పాను. ఇంటికొచ్చాక గాని మోసపోయానని తట్టలేదు.

ఎవరింటికి వెళ్లినా కిటికీ పక్కన, అందరికీ కాస్త దూరంగా కూర్చునేది. "ఆడే గాలి బాగుండాది" అనేది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఎంత నాజూకు అని రత్నమ్మ మురిసిపోయేది. రత్నమ్మ అంటే బట్టలంగడి వాళ్ల ఇల్లాలు. నోరు పెద్దది, మనసు మాత్రం అంత చెడ్డదేం కాదు. ఆమె రెండేళ్ల కూతురు మా మధ్యే పాకుతూ, నడుస్తూ, ఎవరు తాగి దించిన లోటా దొరికినా అడుగున మిగిలినది నాకేసేది. ఆ పిల్లను ఎత్తుకోని ఆడది లేదు, ఒక్క పుంగనూరమ్మ తప్ప. ఆమెకు బిడ్డలు లేరు. ఎత్తుకోమని రత్నమ్మ చేతికందిస్తే, చేతులు వెనక్కి తీసుకుని, "నా దిష్టి మంచిది గాదమ్మా, దూరం నుంచే ముద్దు పెట్టుకుంటా" అని గాలిలోనే చెయ్యి తిప్పేది. ఇదంతా గర్వమని నా లెక్క. కచేరీ వాళ్ల గర్వం.

గుసగుసలు ఆమెకు పడవు. మా గుంపులో ఏ రహస్యమైనా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పుకోవలసిందే. అలా ఎవరైనా ముఖం దగ్గరికి తెస్తే పుంగనూరమ్మ మెల్లిగా వెనక్కి జరిగి, "గట్టిగానే సెప్పమ్మా, మన్లో మనకేముండాది" అనేది. గట్టిగా చెప్పగలిగితే అది రహస్యమెందుకవుతుంది? అక్కడితో ఆ మాట చచ్చిపోయేది. ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పని మనిషని పేరొచ్చింది ఆమెకు. పేరు కోసమే చేస్తోందని నేను మా అమ్మతో అన్నాను. "నీకు సెట్టు మీద కాయ గూడా కుట్రలానే కనపడతాది" అంది మా అమ్మ.

ఒక శనివారం రత్నమ్మ నా మీద పడింది. "టీచరమ్మా, నీ కాలేజీ సదువుకి సరిపోయే మొగుడు ఈ జిల్లాలో లేడనుకో, మద్రాసులో గూడా దొరకలేదా?" అందరూ సూదులు ఆపారు. నా నాలుక మీద జవాబు సిద్ధంగా ఉంది. వాళ్ల అంగడిలో తక్కువ కొలిచే గజంబద్ద గురించి, దాన్ని కొలిచి చూసిన మా బడి పిల్లల గురించి. నోరు తెరిచేంతలో కిటికీ దగ్గర్నుంచి మెత్తని గొంతు.

"రత్నమ్మా, ఆ మడమ కాడ కుట్లు లెక్క తప్పినావేమో సూడు. నాకీడ్నుంచి అట్ల కనపడతాండాది."

రత్నమ్మ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. తప్పలేదు గానీ లెక్కపెట్టేలోగా నా పెళ్లి సంగతి చల్లారిపోయింది, నా జవాబు కూడా. ఇంటికి పోయేటప్పుడు దారిలో పుంగనూరమ్మను నిలదీశాను.

"నాకు నోరు లేదనుకున్నారా, అడ్డం వచ్చారు?"

"ఉండాది గాబట్టే గదమ్మా" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

రత్నమ్మను కాపాడిందా, నన్ను కాపాడిందా? ఇద్దరికీ మంచిదనిపించుకుంది, అంతే. ఆ రోజు నుంచి నా అనుమానం ఇంకో మెట్టెక్కింది.

మా ఊరి సంగతి ఒకటి చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. మదనపల్లె గాలి మంచిదని ఎక్కడెక్కడి క్షయరోగులో వచ్చి ఊరి బయటి ఆస్పత్రిలో నెలలు, ఏళ్లు ఉంటారు. మా గాలి గొప్పదని మేం చెప్పుకుంటాం. ఆ గాలి కోసం వచ్చినవాళ్లకు మాత్రం ఇల్లు అద్దెకివ్వం. నయమై బయటికొచ్చినా ఇవ్వం. శనివారం ఎవరైనా రెండుసార్లు దగ్గితే, మూడో దగ్గు రాకముందే ఒకరికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి, ఇంకొకరికి బిడ్డ నిద్ర లేచే వేళయ్యేది. పాలు గుర్తొచ్చేవాళ్లలో నేనూ ఉన్నాను. క్రైస్తవురాలిని, చదువుకున్నదాన్ని, అయినా లేచిపోయేదాన్ని.

ఇక లోటా సంగతి. పుంగనూరమ్మ ఎవరింటికి వచ్చినా సంచిలో ఒక కంచు లోటా తెల్లగుడ్డలో చుట్టి తెచ్చుకునేది. కాఫీ అందులోనే పోయించుకుని, తాగి, తానే కడిగి, మళ్లీ చుట్టి పెట్టుకునేది. "కచేరీ వాళ్లు గదా, మడి. మా ఇంటి లోటాలోనే తాగదు, మీ ఇంటి దాంట్లో తాగుతాదా?" అంది రత్నమ్మ, అదేమీ పెద్ద విషయం కానట్టు. ఆమెకు కాదు. నాకవుతుంది. మా తాత పుంగనూరు సంతకు పోతే దాహానికి దోసిలి పట్టేవాడు. ఎవరో ఎత్తు నుంచి పోసేవారు. చర్చి ప్రార్థనకు వెళ్లడం మొదలుపెట్టాక కూడా దోసిలే. ఆ ఊరి నుంచే వచ్చిన ఈ మెత్తని నోటి మనిషి మా గడప దాటి వచ్చి, మా అమ్మ చేతి కాఫీని బాగుందని పొగిడి, తన లోటాలో తాగి పోతుందా? నేను ఎం.ఏ. కాకపోయినా బి.ఏ. చదివింది ఇది చూసి ఊరుకోవడానికా?

మా బడి పెద్దమ్మగా ఉన్న దొరసాని సొంత దేశం వెళ్తూ నీలం అంచు పింగాణీ కప్పులు ఆరు మాకిచ్చిపోయింది. మా ఇంటి వంతు వచ్చిన శనివారం వాటిని తీశాను. చక్కెర దొరకని రోజులు, బెల్లం కాఫీ. మా అమ్మ పోస్తుంటే మొదటి కప్పు నేనే తీసుకుని, పుంగనూరమ్మ సంచి ముడి విప్పకముందే ఆమె ముందు నిలబడ్డాను.

"ఈ రోజు మా కప్పులో తాగాల."

"లోటా తెచ్చుకున్నానమ్మా" అంది నవ్వుతూ.

"తెచ్చుకున్నారని తెలుసు. అందుకే అంటున్నా. మా కప్పులో తాగితే మీ కులం పోతాదా?"

మా అమ్మ లోపలి నుంచి నా పేరు పెట్టి ఒక్కసారి పిలిచింది. నేను కదల్లేదు. పుంగనూరమ్మ ముఖంలో నవ్వు అలాగే ఉంది గాని దాని వెనక మనిషి లేదు. ఇలాంటప్పుడు ఆమె ఏదో ఒక మాట అనాలి. ఎండ గురించో, ఉన్ని గురించో. ఎదురుచూశాను, ఆ మాటను కూడా తిప్పికొట్టడానికి. ఆమెకు మాట రాలేదు. నేనెరిగిన రోజుల్లో ఆమెకు మాట రాకపోవడం అదొక్కసారే.

కప్పు అందుకుంది. పెదవికి తగలకుండా పైనుంచి పోసుకోవడానికి కాస్త ఎత్తింది కూడా. అప్పుడు నా కళ్లలోకి చూసింది. అలా ఎత్తి తాగితే నా మాటే నిజమవుతుందని అర్థమై ఉంటుంది. మెల్లగా దించి, అంచు పెదవులకు ఆనించి, గుటక గుటకగా మొత్తం తాగేసింది. "బాగుండాదమ్మా" అంది. నేను గెలిచాను.

తర్వాత మా అమ్మ పళ్లెం తెచ్చి ఖాళీ కప్పులు తీసుకుంటోంది. రత్నమ్మ కూతురు పళ్లెం వెంబడే తిరుగుతోంది. పుంగనూరమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె కప్పు ఇవ్వలేదు. రెండు చేతులతో ఒళ్లో పట్టుకుంది. పిల్ల చెయ్యి చాపితే కప్పును ఇంకో వైపు తిప్పుకుంది.

"ఈ కప్పు నాకిచ్చేయమ్మా, టీచరమ్మా" అంది. "బలే నచ్చింది."

మూర పూలిచ్చినా మూడుసార్లు వద్దని గాని తీసుకోని మనిషి! రత్నమ్మ నోరు తెరిచింది. "ఆరింట్లో ఒకటి తీస్తే కప్పుల సెట్టు పాడైపోదా పుంగనూరమ్మా? యాలమ్మా నీకు ఒంటి కప్పు?"

"నచ్చింది" అంది మళ్లీ, తల వంచుకుని. నా జవాబు కోసం ఆగకుండా లోటా గుడ్డలో కప్పును కూడా చుట్టి సంచిలో పెట్టుకుని లేచింది. గడప దాటి వీధిలోకి దిగింది.

ఆ కథను నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. బడిలో చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను, ఆమె గొంతు అనుకరించి, తల వంచి, "బలే నచ్చింది" అని చెప్పాను. ఇన్నాళ్ల మెత్తదనం వెనక దాచింది ఇదన్నమాట, ఆశ, అని తీర్పిచ్చాను. ఆమె ఏ ఇంటికైనా వస్తోందంటే "గిన్నెలు లోపల పెట్టండే, పుంగనూరమ్మ వస్తాండాది" అనేవాళ్లు. నాలుగు శనివారాలు వచ్చింది. ఎండ గురించి ఆమె మాట్లాడితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. అయిదో శనివారం రాలేదు. కొన్నాళ్లకు ఆయనకు కుప్పం బదిలీ అయిందని విన్నాం. ఎవరమూ సాగనంపడానికి వెళ్లలేదు.

ఇదంతా మనసులో తిరుగుతుంటే పెళ్లి భోజనం సగంలో లేచాను. పలకరింపుకు వెళ్లాననుకునేరు. నిజం చెప్పాలంటే కప్పు చూడాలని వెళ్లాను.

చిన్న పెంకుటిల్లు. ఆయన గడప లోపల కుర్చీలో ఉన్నాడు. నేనెవరో చెప్పుకున్నాక, "మీరేనా ఆ టీచరమ్మ? బాగా మాట్లాడతారని ఆమె సెప్తా ఉండె" అన్నాడు. ఏ అర్థంతో చెప్పిందో అని అప్పుడు కూడా అనుమానపడ్డాను. గూట్లో కంచు లోటా ఉంది, పక్కనే మా నీలం అంచు కప్పు. నా చూపు అక్కడే ఉండటం ఆయన గమనించాడు.

"మీదే" అన్నాడు. "పెండ్లయిన మూడో ఏడు ఆమెకి రొమ్ము జబ్బు వచ్చె, అదే, క్షయ. మీ ఊరి బయట ఆస్పత్రిలోనే రెండేండ్లు ఉండె. నయమైపాయెనని డాక్టర్లు రాసిచ్చినారు. ఆమెకి నమ్మకం కుదర్లేదమ్మా. ఆడ నేర్పిచ్చినవి ఒగటి గూడా వదల్లేదు. మాట్లాడితే దూరం, నవ్వితే కొంగు, బిడ్డల్ని తాకేది లేదు, లోటా సపరేటు. నాకు మదనపల్లెకే బదిలీ వచ్చినప్పుడు భయపడినాము. తెలిస్తే ఇల్లు ఎవరిస్తారు? అందుకని యాడికి పోయినా పక్కోళ్ల మాటే మాట్లాడిచ్చేది, తన మాట రానీదు."

నేను కుర్చీ కోసం చూశాను. ఆయన ముందే వేసి ఉంచాడు.

"ఆ దినం మీ ఇంటి నుంచి వచ్చి, కుండెడు నీళ్లలో ఈ కప్పేసి సాయంత్రం దాకా ఉడకబెట్టె. ఆడ సిన్న పాప ఉండాదంట, తాగిన గిన్నెలన్నీ నాకుతాదంట. అదే మాట. రేపు తిరిగిచ్చి వద్దామంటిని. 'ఉడకబెట్టినానని సెప్పి ఇయ్యలేను, సెప్పకుండా ఇయ్యలేను' అనె. ఆ పొద్దు నుంచి దాంట్లోనే తాగేది."

"నాకైనా చెప్పి ఉండొచ్చు కదా" అన్నాను. నా గొంతు నాకే పోట్లాటకు వచ్చినట్టు వినిపించింది.

"సెప్పింటే మీరేం జేసుందురమ్మా?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి ఉండేవని ఆయనకు ఎలా చెప్పను?

కప్పు గూట్లోంచి తీసి, గుడ్డతో తుడిచి, నా చేతికిచ్చాడు. "ఇంగ మీరు తీసుకపోండి. ఉడకబెట్టిందే. సెప్పేసినాను గదా ఇప్పుడు" అన్నాడు. నేను లేచేటప్పుడు పేరు సంగతి మాట తీసుకున్నాడు. "నేనీ ఊళ్లో అద్దె ఇంట్లో ఉండినన్నాళ్లు అసలీ సంగతే ఎవరికీ వద్దమ్మా."

దారి పొడుగునా బస్సులో నాతో నేనే వాదించుకున్నాను. ఆమె ఏదో దాస్తోందని నేననుకున్నది తప్పు కాదు. దాచింది. పదిమంది మధ్య కూర్చుని అయిదారేళ్లు దాచింది. మెత్తని మనిషి దగ్గర ఏముందో అని భయపడినదాన్ని కదా, ఉన్నది ఇదీ. ఆ మర్యాదలో ఎంత భాగం మర్యాద, ఎంత భాగం ఆస్పత్రి నేర్పిన జాగ్రత్త అని విడదీయబోయాను. కుదరలేదు. రత్నమ్మను కుట్లు లెక్కపెట్టమని అనడం ఏ ఆస్పత్రీ నేర్పదు.

యుద్ధమైపోయినా మా శనివారాలు ఆగలేదు. మరుసటి వారం వంతు మాదే. మా అమ్మతో కలిపి ఆరుగురికీ పళ్లెంలో ఆరు కప్పులు పెట్టాను. కుప్పం నుంచి తెచ్చిన ఆరోది నేను తీసుకున్నాను.

రత్నమ్మ కన్ను ముందు దాని మీదే పడింది. "ఓయమ్మా, ఆరు! ఆయమ్మ తిరిగిచ్చిందా? సిగ్గొచ్చిందా ఇన్నాళ్లకి? యాడ కనపడె, ఏమనె?"

అందరూ నా వైపు తిరిగారు. వాళ్లకు తెలుసు, నేనొకసారి మొదలుపెడితే కథ ఎలా ఉంటుందో. జవాబంతా నాలుక మీద ఉంది. చెబితే ఆమె మీద నేను వేసిన దొంగ పేరు ఆ క్షణమే పోతుంది. రత్నమ్మ ఏడుస్తుంది కూడా. గిన్నెలు నాకింది ఆమె కూతురే. ఏడ్చి, సాయంత్రానికి ఊరంతా చెబుతుంది. వారం తిరక్కుండా కుప్పం చేరుతుంది. కుర్చీలో కూర్చున్న ఆ ముసలాయనను ఇల్లు ఖాళీ చేయమంటారు.

"ఈ ఏడు ఎండ ఎక్కువుండాది గదా" అన్నాను.

ఆమె అంటే నీడలా ఉండేది ఆ మాట. నేనంటే తలుపు గడియ పెట్టినట్టుంది.

రత్నమ్మ సూదులు ఒళ్లో పెట్టేసింది. "టీచరమ్మా, నువ్వు ఎండ గురించి మాట్లాడే మనిషివి గాదు" అంది కళ్లు చిన్నవి చేసి. "ఏందో దాస్తాండావు."

ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎన్నో శనివారాలు కిటికీ వైపు నేను చూసిన చూపు అది. కప్పు అంచు పెదవులకు ఆనించి, ఆ చూపు కిందే, అడుగుదాకా తాగాను.